రెండో ప్రాసెసర్ బిగించాక విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

గుంటూరులోని మీ కోల్డ్ స్టోరేజి ఆఫీసుకు రెండు సాకెట్ల (ప్రాసెసర్ బిగించే చోట్ల) సెకండ్ హ్యాండ్ వర్క్‌స్టేషన్ కొని, ఖాళీ సాకెట్‌లో రెండో జియాన్ ప్రాసెసర్ బిగించినా, టాస్క్ మేనేజర్‌లో సాకెట్స్ దగ్గర 1 అనే చూపిస్తోందని, విండోస్ తీసేసి మళ్లీ వేయాలా అని అడిగారు. అవసరం లేదు. ఆ సలహా విండోస్ 2000, ఎక్స్‌పీల కాలం నాటిది. అప్పట్లో ఒక ప్రాసెసర్ ఉన్న యంత్రానికి ఒక రకం హాల్ ఫైలు (విండోస్‌ను హార్డ్‌వేర్‌తో కలిపేది), అంతకు మించి ఉంటే మరో రకం ఇన్‌స్టాల్ సమయంలోనే ఎక్కేవి కాబట్టి, తరవాత రెండోది చేరిస్తే డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్ రకాన్ని మార్చవలసి వచ్చేది. విస్టా నుంచి విండోస్ బూట్ అయ్యేటప్పుడే ఆ సంగతి తానే చూసుకుంటుంది.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్ వారి డిజైన్ యంత్రానికి నేను ఇదే పని చేసినప్పుడు సరిగ్గా ఇదే లక్షణం కనిపించింది. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సెటప్‌లో) రెండు ప్రాసెసర్లూ ఉన్నాయి, విండోస్‌లో మాత్రం ఒక్కటే. అమ్మినవారు అందులో వేసి ఇచ్చింది విండోస్ 10 హోమ్. హోమ్ ఎడిషన్, కోర్‌లు (ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు) ఎన్ని ఉన్నా, ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది. ప్రో అయితే రెండు, ప్రో ఫర్ వర్క్‌స్టేషన్స్ అయితే నాలుగు. సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీలో ప్రో కీ ఇచ్చి రీస్టార్ట్ చేయగానే రెండో సాకెట్ వచ్చింది; ఫైళ్లు, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అయితే కీ కొనే ముందు ఉబుంటు (ఉచిత లినక్స్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌తో, ఇన్‌స్టాల్ చేయకుండానే, యంత్రాన్ని బూట్ చేసి టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ (lscpu) కమాండ్ ఇవ్వండి. అందులో సాకెట్లు 2 అని వస్తే హార్డ్‌వేర్ బాగున్నట్టే, ఇక చూడవలసింది విండోస్ ఎడిషన్‌నే. అక్కడా 1 అనే వస్తే డబ్బు ఖర్చు పెట్టకుండా ఆగి, రెండో సాకెట్‌కు వెళ్లే పవర్ కేబుల్ బిగిసిందో లేదో, రెండు ప్రాసెసర్లూ ఒకే మోడలో కాదో చూడండి. ఈ5-1600 వరుస జియాన్లు జంటగా పనిచేయవు, 2600 వరుసవి కావాలి. సాకెట్ పిన్నులను టార్చి ఏటవాలుగా పట్టుకుని పరీక్షించండి. వంగిన పిన్ను ఉన్నచోట మెరుపు వరుస తప్పుతుంది.

ఎమ్ఎస్‌కాన్ఫిగ్ (msconfig) అనే విండోస్ టూల్‌లో బూట్ ట్యాబ్‌కు వెళ్లి ‘నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్’ టిక్ చేయమని మీకెవరో చెప్పారన్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది ప్రాసెసర్ల సంఖ్యను పరీక్షల కోసం తగ్గించడానికి పెట్టిన సదుపాయం, పెంచడానికి కాదు. ఇప్పటికే టిక్ ఉంటే తీసేయండి.

నా అనుభవంలో ఎక్కువమంది వదిలేసేది మెమరీని. ఈ యంత్రాల్లో ప్రతి ప్రాసెసర్‌కూ దాని పక్కనున్న ర్యామ్ స్లాట్లే సొంతం. మీ ర్యామ్ అంతా మొదటి ప్రాసెసర్ వైపే ఉంటే, కొన్ని బోర్డులు అసలు బూట్ కావు. బూట్ అయినవాటిలో రెండో ప్రాసెసర్ ప్రతి అక్షరానికీ మొదటిదాని గుమ్మం తట్టవలసిందే. ప్రెస్ యంత్రంలో ఉన్న 8 జీబీ ర్యామ్‌లు నాలుగింటినీ, బోర్డు మూత మీద ముద్రించిన క్రమం ప్రకారం, రెండేసి చొప్పున పంచాను. మీకు వీలైతే పంచడం కన్నా రెండో వైపు సమానంగా కొత్తవి వేయడం మేలు, ఎందుకంటే ఈ జియాన్లకు ఒక్కొక్కదానికి నాలుగు మెమరీ ఛానెళ్లు (ర్యామ్‌కు వెళ్లే దారులు) ఉంటాయి. బయోస్‌లో నోడ్ ఇంటర్‌లీవింగ్ (రెండు వైపుల మెమరీని ఒకటిగా కలిపేసే సెట్టింగ్) అనేది డిసేబుల్‌లో ఉంచండి. అప్పుడే ఏ మెమరీ ఏ ప్రాసెసర్‌కు దగ్గరో విండోస్‌కు తెలుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి న్యూమా నోడ్‌ను (ఒక ప్రాసెసర్, దాని సొంత మెమరీ కలిసిన జట్టు) ఎంచుకుంటే రెండు గ్రాఫులు విడివిడిగా కనిపించాలి.

మిర్చి బస్తాల లెక్కలు చూసే మీ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ మీద నడుస్తుంటే మాత్రం ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఆ ఉచిత ఎడిషన్ ఒక సాకెట్ లేదా 4 కోర్‌లు, ఏది తక్కువైతే దానికే పరిమితం. విండోస్ రెండు సాకెట్లనూ చూపించినా ఆ డేటాబేస్ వేగం పెరగదు, కాబట్టి మీ సాఫ్ట్‌వేర్ వారిని ఎడిషన్ ఏదో ముందుగా అడగండి.