మీ ప్రశ్న - మా జవాబు: పాత విజేతల జాబితా చూసి రేసు మీద పందెం కాయొచ్చా?

ప్రశ్న: మా బావ అమెరికాలో షార్లెట్‌లో ఉంటాడు. ఆయన పంపే వీడియోలు చూసి నాకు స్టాక్ కార్ (మామూలు కార్లలా కనిపించే రేసు కార్లు) రేసుల పిచ్చి పట్టింది. వాటిలో అన్నిటికన్నా పేరున్నది ఏటా ఫిబ్రవరిలో జరిగే డేటోనా 500, 2025లో అది మధ్యలో వానకి గంటల తరబడి ఆగిపోయినా తెల్లారేదాకా మేలుకుని చూశాను. ఇప్పుడు ఒక టెలిగ్రామ్ గ్రూపువాళ్లు 1959 నుంచి గెలిచినవాళ్ల జాబితా పెట్టి, అందులో ఒక లెక్క ఉందని, వచ్చే ఫిబ్రవరి విజేత పేరు ముందే చెబుతామని అంటున్నారు. వెయ్యి కాస్తే లాభం పన్నెండు వేలట. ఒడిశాలో యాప్ తెరుచుకోకపోతే పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్లి కాయమన్నారు. జాబితాని నేను సరిచూశాను, తప్పుల్లేవు. నమ్మొచ్చా?
- ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: తమ్ముడూ, జాబితా నిజమే. దాన్ని చూసి వచ్చే ఏడాది పేరు చెబుతామన్న మాటే అబద్ధం. నువ్వు సరిచూశానన్నావు కాబట్టి ఆ జాబితానే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం, వాళ్ల మాట తప్పని చెప్పే సాక్ష్యమంతా అందులోనే ఉంది.

2021 దగ్గర ఆగు. గెలిచింది మైకేల్ మెక్‌డోవెల్. అంతకుముందు కప్ రేసుల్లో (స్టాక్ కార్లలో అన్నిటికన్నా పై స్థాయి, డేటోనా 500 కూడా అందులోదే) 357 సార్లు దిగాడు, ఒక్కటీ గెలవలేదు. చివరి ల్యాప్‌లో, అంటే ట్రాక్ మీద ఆఖరి చుట్టులో, ముందు పోతున్న జోయ్ లొగానో, బ్రాడ్ కెసెలోస్కీ ఇద్దరూ ఒకే టీమువాళ్లు, ఒకరికొకరు తగులుకుని పెద్ద ప్రమాదం అయింది, మంటలు లేచాయి, వాళ్ల వెనకే ఉన్న మెక్‌డోవెల్ సందు చూసుకుని బయటపడ్డాడు. రేసు మొత్తంలో అతను ముందున్నది ఆ చివరి ల్యాప్‌లోనే. 2011లో గెలిచిన ట్రెవర్ బేన్‌కి 20 ఏళ్లు నిండి ఒక్క రోజైంది, కప్ స్థాయిలో అతనికది రెండో రేసు, ఆ తర్వాత ఆ స్థాయిలో ఇంకెప్పుడూ గెలవలేదు. 2023 విజేత రికీ స్టెన్‌హౌస్ జూనియర్‌కి 2017 జూలై తర్వాత గెలుపన్నదే లేదు. 200 ల్యాపుల్లో ముగియాల్సిన ఆ రేసు ప్రమాదాల వల్ల 212 దాకా సాగింది. నువ్వు చూసిన 2025 రేసే తీసుకో, చివరి ల్యాప్‌లో తొమ్మిదో స్థానంలో ఉన్న విలియం బైరన్ ముందువాళ్లు గుద్దుకోవడంతో గెలిచాడు. అతను 2024లోనూ గెలిచాడు కదా, అదే వాళ్ల లెక్క అంటారేమో. వరసగా రెండేళ్లు గెలిచినవాళ్లు ఇప్పటికి ఐదుగురే, రిచర్డ్ పెట్టీ, కేల్ యార్బరో, స్టెర్లింగ్ మార్లిన్, డెనీ హామ్లిన్, ఆ తర్వాత బైరన్. మూడేళ్లు వరసగా గెలిచినవాడు ఒక్కడూ లేడు.

ఇక గెలవాల్సినవాళ్లు గెలవని కథలు ఇంకా ఎక్కువ. డేల్ ఎర్న్‌హార్ట్ ఏడాది మొత్తం కప్ రేసులు కలిపి చూస్తే ఏడుసార్లు ఛాంపియన్. 1990లో 200 ల్యాపుల్లో 155 ల్యాపులు అతనే ముందున్నాడు, ఆఖరి ల్యాప్‌లో మూడో మలుపు దగ్గర టైరు కోసుకుపోయింది, అప్పటిదాకా ఒక్క కప్ రేసూ గెలవని డెరిక్ కోప్‌కి ట్రోఫీ వెళ్లింది. ఎర్న్‌హార్ట్ చివరికి 1998లో గెలిచాడు, అది అతని ఇరవయ్యో ప్రయత్నం. గెలిచి వస్తుంటే మిగతా టీముల మెకానిక్కులంతా దారి పొడవునా నిలబడి చేతులు కలిపారు. ఆ వీడియో దొరికితే తప్పకుండా చూడు, నాకు ఈ రేసు మీద ఇష్టం పెరిగింది అందుకే. మూడేళ్ల తర్వాత, 2001లో, అదే రేసు చివరి ల్యాప్‌లో అతను చనిపోయాడు.

ఇప్పుడు డబ్బు సంగతి. డెనీ హామ్లిన్, కైల్ బుష్, ఇద్దరూ మేటి డ్రైవర్లే, 2008 నుంచి 2022 దాకా ఒకే టీములో ఉన్నారు. 2025 దాకా చూస్తే చెరో 20 సార్లు డేటోనా 500లో దిగారు. హామ్లిన్ 2016, 2019, 2020లో గెలిచాడు. రెండుసార్లు సిరీస్ ఛాంపియన్ అయిన బుష్ ఆ 20 సార్లలో ఒక్కసారీ గెలవలేదు. ప్రతిసారీ వెయ్యి రూపాయలు బుష్ మీద కాసినవాడికి ఇరవై వేలూ పోయేవి. మొదట్లోనే నీ చేతికి ఆ రోజుదాకా ఉన్న జాబితా ఇచ్చి ఈ ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే దేన్ని బట్టి ఎంచుకునేవాడివి? అయిపోయాక చూసి లెక్క కనిపెట్టడం ఎవరికైనా సులువే, ఆ గ్రూపువాళ్లు చేస్తున్నది అదే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే రేసు చూడటం కూడా ఇంకా బాగుంటుంది. డేటోనా ట్రాక్ చుట్టు రెండున్నర మైళ్లు, అంటే సుమారు నాలుగు కిలోమీటర్లు, మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీలు ఒరిగి ఉంటుంది కాబట్టి కారు వేగం పెద్దగా తగ్గించక్కర్లేదు. 1987లో బిల్ ఎలియట్ అక్కడ అర్హత ల్యాప్‌ని గంటకు 210 మైళ్ల పైచిలుకు వేగంతో తిప్పాడు, అంటే 338 కిలోమీటర్లు. అదే ఏడాది టాలడీగా అనే ఇంకో పెద్ద ట్రాక్ మీద బాబీ ఆలిసన్ అనే డ్రైవర్ కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెని చీల్చింది. దాంతో 1988 నుంచి ఈ రెండు పెద్ద ట్రాకుల మీద ఇంజన్‌కి వెళ్లే గాలిని తగ్గించి శక్తికి కళ్లెం వేశారు. శక్తి తగ్గేసరికి అందరి వేగమూ దాదాపు ఒకటైపోయింది. లారీ వెనక సైకిల్ తొక్కేవాడికి గాలి ఎదురు తగలనట్టు, ముందు కారు చీల్చిన గాలిలో వెనక కారు తేలిగ్గా పోతుంది, అందుకే ఒంటరిగా పోయేవాడు వెనకబడతాడు, ముప్పై నలభై కార్లు ఒకదాన్నొకటి అంటుకుని గుంపుగా పోతాయి. ఆ గుంపులో ఒక్కడు జారితే పది పదిహేను మంది పోతారు. నైపుణ్యం లేదని కాదు, చాలా ఉండాలి, కానీ మీ ముందు కారువాడు జారకుండా ఆపే నైపుణ్యం ఎవరి దగ్గరా లేదు. 2016లో హామ్లిన్ గెలిచింది సెకనులో వందో వంతు తేడాతో.

రేట్ల విషయం కూడా విను. వెయ్యికి పన్నెండు వేలు వింటే పెద్దగా అనిపిస్తుంది. ఉదాహరణకి నలభై మందిలో పైన ఎనిమిది మందికి పన్నెండు రెట్లు, తర్వాతి పన్నెండు మందికి పాతిక రెట్లు, మిగిలిన ఇరవై మందికి వంద రెట్లు లాభం ఇస్తామన్నారనుకో. ఎవరు గెలిచినా నీ చేతికి 100 రూపాయలు వచ్చేలా అందరి మీదా కాయాలంటే ఎంత పెట్టాలో కాగితం మీద వేసి చూడు, 127 రూపాయల పైనే అవుతుంది. ఆ 27 రూపాయలు బుకీవి. ఎవరు గెలుస్తారో వాడికీ తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

పాతపట్నం వెళ్లడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒడిశాలో 1955 నుంచి జూద నిరోధక చట్టం ఉంది, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేల్ని కూడా నిషేధించింది. వీటికి తోడు 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. గ్రూపులోంచి బయటికి వచ్చెయ్యి. రేసు మాత్రం మానకు.

ప్రశ్న: గుర్రప్పందాలు నైపుణ్యం కిందకి వస్తాయని సుప్రీంకోర్టే చెప్పింది కదా, కారు రేసుకి అది వర్తించదా?
- ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: 1996లో చెప్పిన మాట నిజమే, అది గుర్రప్పందాల గురించి, లైసెన్సున్న రేస్ క్లబ్బుల గురించి. 2025 చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడదు, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆటైతే నిషేధమే. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకి రెండేళ్లు, 50 లక్షలు. బ్యాంకులు ఆ చెల్లింపులు చేయకూడదు.

ప్రశ్న: మా తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. ఇలాంటి యాప్‌లోనే పోగొట్టుకున్నాడు, ఎంతో చెప్పట్లేదు. గెలిచిన డబ్బు తీసుకోవాలంటే ముందు ట్యాక్స్ కట్టమన్నారట, అదీ కట్టాడు. తర్వాత కమిషన్ ఇస్తామంటే తన బ్యాంక్ ఖాతా, ఏటీఎం కార్డు వాళ్లకి ఇచ్చాడు. ఇప్పుడు ఖాతా ఫ్రీజ్ అయింది. నాన్నగారికి ఇంకా తెలియదు. రాత్రిళ్లు నిద్రపోవట్లేదు, ఒకటే టెన్షన్.
- ఒక అక్క, రాయగడ

జవాబు: అమ్మా, రేపటిదాకా ఆగకండి. ముందు 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాలకి దేశమంతటికీ ఉన్న నంబర్. డబ్బు ఏ రోజు ఏ ఖాతాకి వెళ్లింది, యూపీఐ లావాదేవీ నంబర్లు, చాట్‌లు, యాప్ పేరు, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. కోపంలో ఫోన్‌లోంచి ఏదీ తీసేయనివ్వకండి. మీ వాడు అడిగినా తిట్టినా సరే, ఇంకో రూపాయి కట్టనివ్వకండి. గెలిచిన డబ్బు ఇవ్వడానికి ముందుగా ట్యాక్స్ కట్టమనేది మోసం.

ఖాతా ఇచ్చిన సంగతి డబ్బు పోవడం కన్నా పెద్దది. అలాంటి ఖాతాల్లో వేరేవాళ్లని మోసం చేసిన డబ్బు తిప్పుతారు, పోలీసులు మొదట వెతికేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్లనే. ఎవరో వచ్చి అడిగేదాకా కూర్చోకుండా మీరే అతన్ని తీసుకుని బ్యాంకుకి వెళ్లి రాతపూర్వకంగా చెప్పండి, పోలీస్ స్టేషన్‌కి వెళ్లేముందు ఒక వకీలుతో మాట్లాడండి. ఫిర్యాదు ఒడియాలో రాయాల్సి వస్తే రాసిపెట్టేవాళ్లని తోడు తీసుకెళ్లండి, కానీ రాసింది తెలుగులో చదివించుకుని అర్థమయ్యాకే సంతకం పెట్టించండి.

నాన్నగారికి చెప్పండి. మీరు పక్కనుండి చెప్పించండి, అప్పు తీర్చే లెక్క ఇంట్లో అందరికీ తెలిస్తేనే అతను మళ్లీ ఎవరి దగ్గరా చేబదులు తీసుకోడు. నిద్రపట్టని సంగతి చిన్నది అనుకోకండి. 14416 టెలీ మానస్ నంబర్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టింది, ఉచితం, ఏ వేళైనా పలుకుతారు. ఈ కొన్ని రోజులు అతన్ని రాత్రిపూట ఒంటరిగా వదలకండి.

ప్రశ్న: రిచర్డ్ పెట్టీ ఏడుసార్లు డేటోనా 500 గెలిచాడని, వాళ్ల నాన్న కూడా గెలిచాడని మా మనవడు అంటాడు. నిజమేనా?
- ఒక రిటైర్డ్ టీచరు, బరంపురం

జవాబు: మీ మనవడు చెప్పింది నిజమేనండీ. మొదటి రేసు, 1959లో, గెలిచింది తండ్రి లీ పెట్టీయే. అయితే ముందు జానీ బోషాంప్ గెలిచాడని ప్రకటించారు, ఫొటోలు, ఫిల్ములు పరిశీలించి మూడు రోజుల తర్వాత లీ పెట్టీకి ఇచ్చారు. రిచర్డ్ 1964 నుంచి 1981 మధ్య ఏడుసార్లు గెలిచాడు, ఇప్పటికీ ఆయన్ని దాటినవాళ్లు లేరు, తర్వాతి స్థానంలో నాలుగుసార్లతో కేల్ యార్బరో ఉన్నాడు. తండ్రీ కొడుకులు గెలిచిన ఇళ్లు ఇంకో రెండున్నాయి. ఎర్న్‌హార్ట్ కొడుకు డేల్ జూనియర్ 2004, 2014లో గెలిచాడు. బాబీ ఆలిసన్ మూడుసార్లు, ఆయన కొడుకు డేవీ 1992లో. 1988లోనైతే బాబీ మొదట, డేవీ రెండో స్థానంలో ఒకరి వెనక ఒకరు గీత దాటారు.