గాలిపేట పాటల మీద రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. జపాన్ రాక్ బృందం హ్యాపీ ఎండ్ 1971 నవంబరులో తెచ్చిన 'కజెమాచి రోమన్' ఆల్బం (కజెమాచి అంటే గాలిపేట) మీద తెలుగులో ఒకరు పదకొండు పేజీలు రాశారని చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. ఇరవై ఏళ్లుగా ఆ పాటలు వింటున్నాను. వాటి గురించి మన భాషలో మాట్లాడుకునే తోడు ఇన్నాళ్లకు దొరికింది. కాబట్టి ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మొదటి మూడు పేజీలు తీసేయి. రోలింగ్ స్టోన్ పత్రిక జపాన్ సంచిక 2007లో ఈ ఆల్బంను ఆ దేశపు రాక్ ఆల్బంలన్నిటిలో మొదటి స్థానంలో నిలిపిందని, 2003లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో ఇందులోని పాట వినిపించిందని రాశావు. రెండూ నిజమే. కానీ అవి ఇతరుల చెవులు. నాలుగో పేజీలో హాస్టల్ మేడ మీద తెల్లవారుజామున విన్న సంగతి రాస్తూ, 'మాటలు తెలియకపోయినా ఎవరో నాతో మర్యాదగా మాట్లాడుతున్నట్టు అనిపించింది' అన్నావు. నీ వ్యాసం అక్కడ మొదలవుతుంది.

అసలు సంగతి ఆ వాక్యంలోనే నీ చేతికి చిక్కింది. 'కజె ఓ అత్సుమెతె', అంటే 'గాలిని పోగుచేసి' అనే ఆ పాటలో వాక్యాలు 'దెస్' అని ముగుస్తాయి. అది జపనీస్‌లో ఎదుటి మనిషికి ఇచ్చే మర్యాద, ఇంచుమించు మన 'అండి' లాంటిది. రాక్ పాటలో దాన్ని పెట్టాలని, బృందానికి పాటలు రాసే డ్రమ్మర్ తకాషి మత్సుమోతోకు తోచింది. ఊరి చివర, మునివేళ్ల మీద నిలబడినట్టున్న సందులో నడుస్తుంటే, మరకల పొగమంచు అవతల, అప్పుడే నిద్రలేచిన ట్రాము సముద్రం దాటుతూ కనిపించిందండీ అంటాడు. పాట పాడిన హరువోమి హోసోనో గొంతు కూడా ఎక్కడా పైకి లేవదు. పక్కన కూర్చున్న ఒక్క మనిషికి చెబుతున్నట్టే ఉంటుంది. నలుగురి బృందమైనా ఆ పాటలో వాయించింది ఇద్దరే, డ్రమ్స్ మత్సుమోతో, మిగిలినవన్నీ హోసోనో. ఆ ఖాళీ వల్లే మాటకు అంత చోటు దొరికింది.

నువ్వు ఆ చరణాన్ని 'నేను ఒక ట్రామును చూశాను' అని అనువదించావు. ఇంగ్లీషు అనువాదం మీదుగా వచ్చావని అక్కడే తెలిసిపోయింది. మూలంలో ఉన్నది 'చూశాను' కాదు, 'కనిపించింది'. ఆ తేడా తెలుగుకు పుట్టుకతోనే తెలుసు. జపనీస్ నుంచి తెలుగుకు నేరుగా దారి ఉన్నచోట చుట్టూ తిరిగి ఎందుకు రావాలి? నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా విప్పి చూడు. వారం పడుతుంది, పట్టనీ.

ఈ మాట ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. రాక్ ఇంగ్లీషులోనే పాడాలని జపాన్ రాక్ గాయకుడు యూయా ఉచిదా వంటివాళ్లు ఆ రోజుల్లో గట్టిగా వాదించారు. హోసోనో, మత్సుమోతో అంతకు ముందున్న 'ఏప్రిల్ ఫూల్' బృందం పాటలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. అలాంటి ఇద్దరూ 1970లో హ్యాపీ ఎండ్ తొలి ఆల్బంను ఏ మాటలతో తెరిచారో చూడు. కొత్త సంవత్సరం వస్తే ఇంట్లో అందరూ వెచ్చని బల్ల చుట్టూ చేరి, పండగ సూప్ తింటూ, కార్డుల ఆట ఆడేవాళ్లమని ఒంటరిగా ఉన్న కుర్రవాడు తలుచుకుంటాడు. వెనక ఎలక్ట్రిక్ గిటార్ మూలుగుతుంటుంది. నువ్వు ఆ భాషా వివాదానికి రెండు పేజీలు కేటాయించి తీర్పు చెప్పావు. తీర్పు వద్దు, ఆ పాట ఒక్కటి చూపించు.

'ఇండిపెండెంట్', అంటే పెద్ద కంపెనీల మీద ఆధారపడనిది అన్న మాటను మాత్రం మరీ తేలిగ్గా దాటేశావు. ఈ రెండు ఆల్బంలనూ తెచ్చిన యూఆర్‌సీ, అంటే అండర్‌గ్రౌండ్ రికార్డ్ క్లబ్, 1969లో మొదలైంది. పెద్ద కంపెనీలు తమ పరిశ్రమ కట్టుబాట్లకు జంకి వదిలేసిన పాటలను రికార్డు చేసి, మొదట్లో చందాదారులకు పోస్టులో పంపేది. అలాంటి చోటు ఉండబట్టే, 'కజెమాచి రోమన్' వచ్చేనాటికి ఇరవై కూడా నిండని బృంద సభ్యుడు షిగెరు సుజుకి అక్కడ గిటార్ వాయించగలిగాడు. ఈ సంగతి ఒక పేరా అయినా రాయి.

టోక్యో గురించిన భాగంలో 'విషాదం' అన్న మాట ఆరుసార్లు వచ్చింది. పాటలో ఒక్కసారీ లేదు. మత్సుమోతో అయోయామా, షిబుయా, అజబు పేటల మధ్య పెరిగాడు. 1964 ఒలింపిక్స్ కోసం రోడ్లు వేసినప్పుడు ఆ పేటల రూపమే మారిపోయింది. 1967 నుంచి 1972 దాకా టోక్యో ట్రాములు ఒక్కొక్క మార్గమే ఆగిపోతూ వచ్చాయి. అతను వాటి కోసం ఏడవలేదు. గాలిపేట అనే ఊరు కట్టి, అందులో ఒక ట్రామును నడిపాడు. నీ ఆరు విషాదాలూ కొట్టేసి ట్రామును ఉంచు.

శ్లేష గురించి ఒక్క ముక్కా లేకపోవడం నన్ను బాధించింది. మనం శ్లేష మీద పెరిగినవాళ్లం. ఈ ఆల్బంలోనే 'హైకరా హకుచి' అనే పాట ఉంది. ఆ మాటకు అర్థం పాశ్చాత్య పోకడల మోజులో పడ్డ తెలివితక్కువవాడు. అవే అక్షరాలను వేరేగా విరిస్తే 'ఊపిరితిత్తుల నుంచి కక్కే రక్తం'. ఇక చివరి పాట 'అయిఉఎఓ'. రాతలో ప్రేమ, ఆకలి అనే అర్థాలున్న అక్షరాలు కనిపిస్తాయి. పాడేది మాత్రం అ, ఇ, ఉ, ఎ, ఒ, తరువాత క, కి, కు, కె, కొ అంటూ వాళ్ల వర్ణమాల, అంతే. నిమిషం కూడా ఉండదు. సంస్కృత వర్ణక్రమం బౌద్ధ భిక్షువుల చదువుల ద్వారా జపాన్ చేరి ఆ వరుసకు ఆధారమైంది. మనం పలక మీద దిద్దిన వరుసకూ మూలం అదే. తమ భాషలో రాక్ పాడవచ్చా అని అందరూ అడుగుతున్న రోజుల్లో ఆ నలుగురూ ఆల్బంను అక్షరాలు వల్లిస్తూ ముగించారు.

రేపు పొద్దున ఆ చివరి పాట పదిసార్లు విను. విన్నది విన్నట్టు ఒక్క పేజీ రాసి పంపు. మిగతా వ్యాసం తరువాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య