ఊరి కుర్రాళ్లం కలిసి తాబేలు గుడ్లకి హేచరీ పెట్టొచ్చా?

మీ పల్లెలో పది మంది కుర్రాళ్లు కలిసి హేచరీ, అంటే గుడ్లని తెచ్చి కాపలా ఉన్న చోట పూడ్చి పిల్లలయ్యేదాకా చూసుకునేది, పెడదాం అనుకుంటున్నారు, ఎక్కడ మొదలెట్టాలి అని కదా అడిగారు. మాది కళింగపట్నం వైపు, నాలుగు సీజన్లు రాత్రిళ్లు ఒడ్డంట తిరిగాను కాబట్టి చెప్తున్నా.

ముందు ఫారెస్ట్ వాళ్లని కలవండి. మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికొచ్చే సముద్రపు తాబేలు, ఆలివ్ రిడ్లే, వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1లో ఉంది, కాపాడదామనే అయినా సరే పర్మిషన్ లేకుండా గుడ్డు ముట్టుకుంటే కేసే.

రెండోది, ఒకప్పుడు గుడ్లు తవ్వి తెచ్చుకున్న పెద్దాయన మీ ఊళ్లో ఎవరో ఒకరుంటారు, ఆయన్ని పట్టుకోండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. మొదటి ఏడాది మేం వీడియోలు చూసి దిగిపోయాం, జాడ కనిపించేది గానీ గుడ్లు దొరికేవి కాదు, ఎందుకంటే తాబేలు గుంత పూడ్చాక ఒంటితో అటూ ఇటూ ఊగుతూ ఇసకని దబదబా కొట్టి చదును చేసేస్తుంది. మా మావయ్య సన్న కర్రొకటి పట్టుకుని మెల్లగా గుచ్చుకుంటా వచ్చాడు, మూడో చోట కర్ర సర్రున కిందకి జారింది, "ఇదిగోరా" అన్నాడు. చెయ్యి లోపలికి పెడితే మెత్తగా, జిగటగా, పింగ్‌పాంగ్ బంతులంత గుడ్లు. తర్వాత సీజన్ నుంచి ఆయనే మా వాచర్, జీతానికే, ఊరికే కాదు.

మేం చేసిన తప్పు మీరు చెయ్యకండి. ఓసారి తెల్లారగట్ల దొరికిన గుడ్లు, టిఫిన్ చేసొద్దాం అని ఆగి మధ్యాహ్నం బకెట్లో వేసి బండి మీద తెచ్చాం, వందకి పైగా గుడ్లు, పిల్లలు తొమ్మిదే. పెట్టిన కొన్ని గంటలకే లోపల పిండం పెంకుకి అతుక్కుంటుందట, ఆ తర్వాత గుడ్డు తిరగబడినా కుదుపు తగిలినా అంతే. అందుకే ఇప్పుడు ఆ రాత్రే తీసి, పైది పైనే ఉండేలా నడుచుకుంటూ తెచ్చి, తల్లి తవ్వినంత లోతులోనే, అంటే ఒకటిన్నర అడుగు, పూడుస్తున్నాం. 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఎండ మరీ మండితే పైన తాటాకు నీడ వెయ్యండి, ఇసక వేడెక్కేకొద్దీ ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి, ఇంకా ముదిరితే గుడ్లే పోతాయి.

పిల్లలు పైకొచ్చాక ఎవరో పెద్దమనిషి ఫోటోకి వస్తాడని టబ్బులో గంటలు గంటలు ఉంచొద్దు. ఈత కొట్టాల్సిన బలమంతా అందులోనే అయిపోతుంది. ఇసక మీదే వదలండి, వాటంతటవే నడిచి నీళ్లలోకి పోతాయి, ఆ టైంలో లైట్లు మాత్రం ఆర్పెయ్యండి.

ఇంకోటి, ఎంత హేచరీ పెట్టినా చచ్చిన పెద్ద తాబేళ్లు ఒడ్డుకి కొట్టుకొస్తూనే ఉంటాయి, చాలావరకు మరపడవల వలల్లో ఊపిరాడక పోయినవే. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుద్ది, మా దగ్గర తల్లులు ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి, మార్చిలో, ఇంక ఏం లాభం చెప్పండి. తాబేలు తప్పించుకునే సందున్న వలలున్నాయి గానీ చేపలూ అందులోంచే పోతాయని బోటోళ్ల గొడవ. వాళ్లతో తగువు పెట్టుకోకండి, మీ ఊళ్లో సగం ఇళ్లు ఆ బోట్ల మీదే బతుకుతాయి, మీ మీటింగ్‌కి వాళ్లనీ పిలవండి.

కాయితాల పని డిసెంబర్ లోపే అవగొట్టండి, జనవరిలో మొదలెడితే లేటే.