పాతబట్టలతో కళ పాఠం: అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

చిన్నపిల్లలకు పాతబట్టలతో కళ నేర్పబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో, వెంటనే అంత గుబులూ పట్టుకుంది. "రేపు తలా ఒక పాతబట్ట తెచ్చుకోండి" అని పిల్లలతో అనేస్తావేమోనని.

ఆ మాట అనొద్దు. ఈ పాఠం మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఇంట్లో వదులుకోగల బట్టే లేని పిల్ల తరగతిలో ఉంటుంది. అన్న విడిచిన చొక్కానే తన మంచి చొక్కాగా వేసుకొచ్చే పిల్లాడుంటాడు. పక్కవాడు అలాంటిదే తెచ్చి, పాతదని కత్తిరిస్తుంటే వాడి మనసు ఏమవుతుంది? ఇంకో పిల్ల ముద్దుల గౌను తెచ్చేసి, మొదటి కోత పడగానే ఏడుస్తుంది. పనికీ చిక్కే: ఒకరిది సాగే టీషర్టు, ఒకరిది జారిపోయే పాలియెస్టరు, ఒకరిది కత్తెర దిగని జీన్సు. ముగ్గురికీ ఒకే పాఠం ఎలా చెప్తావు?

నెల ముందే పెద్దవాళ్లను అడిగి సేకరించు. ఎవరిచ్చారో తెలియకుండా అన్నీ కలిపి ఉతుకు. బట్ట మెత్తబడడానికి వాడే ద్రవం వేయకు, వేస్తే తర్వాత రంగు సరిగ్గా పట్టదు. గుండీలు, జిప్పులు, మందపాటి కుట్టు మడతలు నువ్వే తీసేసి, 20 సెంటీమీటర్ల చదరాలుగా కోసి, రంగుల వారీగా డబ్బాల్లో సర్దు. అప్పుడవి ఎవరి బట్టలూ కావు, అందరి రంగులు.

మొదటిరోజు సూదీ వద్దు, జిగురూ వద్దు. 1911లో సోనియా డెలౌనే అనే చిత్రకారిణి తన పసికొడుకు కోసం గుడ్డముక్కలతో కుట్టిన దుప్పటి ఫొటో చూపించు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ అట్టముక్క, పన్నెండు గుడ్డముక్కలు ఇచ్చి జరిపి చూసుకోమను. లేత రంగు పక్కన ముదురు పెడితే ఏది ముందుకొస్తోందో వాళ్లనే చెప్పనీ. జిగురు చేతికందితే మొదటి అమరికే చివరిదైపోతుంది.

రెండో పాఠానికి టీషర్టు నేత బాగుంటుంది. పక్కకుట్లు లేని టీషర్టును చంక కింది నుంచి అడ్డంగా రెండు, మూడు సెంటీమీటర్ల పట్టీలుగా కోసి లాగితే అంచులు వాటంతటవే చుట్టుకుని లావుపాటి దారమవుతుంది. నిలువుగా కోస్తే అంత బాగా చుట్టుకోదు. గట్టి అట్టకు పైనా కిందా సెంటీమీటరుకొక గాటు పెట్టి నూలుదారంతో పడుగు, అంటే నిలువు దారాలు, చుట్టు. పేక అంటే అడ్డంగా నేసే ఆ టీషర్టు దారం. పిల్లలు దాన్ని బిగించి లాగుతారు, నేత నడుము సన్నబడిపోతుంది. పేకను కాస్త వాలుగా పరిచి వేళ్లతో కిందికి నొక్కమను, సరిపోతుంది.

రంగులు వేయించేటప్పుడు నూలుబట్టే ఇవ్వు. చొక్కా లోపల అట్ట పెట్టకపోతే రంగు వెనక్కి దిగుతుంది. ఆరాక పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ చేయడం నీ పని, వాళ్లది కాదు.

సూది విషయంలో తొందరపడకు. మొన మొద్దుగా, కన్ను పెద్దగా ఉన్నది తీసుకో. దారం పిల్ల చేతి పొడవుకు మించితే చిక్కుపడుతుంది. గోనెలాంటి వదులు నేత మీద పైకీ కిందకీ పోయే సాదా కుట్టు చాలు. పంచిన సూదులు లెక్కపెట్టి వెనక్కి తీసుకోకుండా ఒక్కరినీ లేవనివ్వకు. మెడకు తాడుతో ముడివేసేది ఏదీ చేయించొద్దమ్మా. ఎక్కడైనా తగులుకుంటే ఊపిరాడదు. లాగగానే ఊడొచ్చే వెల్‌క్రో పెట్టు.

బట్టల పరిశ్రమ నేలనూ నీటినీ ఎంత పాడుచేస్తోందో చెప్పి భయపెట్టాలని నీకు అనిపిస్తుంది. ఏడేళ్ల పిల్ల తన బట్టలు తను కొనుక్కోదు. ఆ నేరం వెళ్లి వాళ్లమ్మ మీద పడుతుంది. చిరిగినచోట అతుకు వేయడం నేర్పు, అది ఇంటికి తీసుకెళ్లగలదు. వంకర కుట్టును నువ్వు విప్పి సరిచేయకు, తల్లిదండ్రులు చూడడానికొచ్చే రోజైనా సరే.

ఇంకొకటి. గుడ్డను కత్తెర తెంపకుండా మడిచేస్తుంటే పిల్లను కసురుకునే ముందు ఏ చేత్తో పట్టుకుందో చూడు. కుడిచేతి కత్తెరను ఎడమచేత్తో పడితే అలుగులు దూరమై గుడ్డ మధ్యలో ఇరుక్కుంటుంది. తనకు చేతకాదని ఆ పిల్ల అనుకునేది అక్కడే. నీ తరగతిలో ఎడమచేతివాళ్లు ఎందరో చూసి రాయి, వాళ్లకు తగిన కత్తెరలు నేను పంపిస్తాను.

పెద్దమ్మ