స్కానింగ్‌లో బిడ్డ 3.7 కిలోలు అన్నారు, ఆపరేషన్ తప్పదా?

37వ వారం స్కానింగ్‌లో బిడ్డ 3.7 కిలోలు ఉందని, వచ్చే వారమే ఆపరేషన్‌కు తేదీ పెట్టుకోమన్నారని, మీ అత్తగారు మాత్రం సాధారణ కాన్పే కావాలంటున్నారని రాశారు. నాకు గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, బరువు ఎక్కువున్న బిడ్డ పుట్టింది, సాధారణ కాన్పే అయింది. అయినా ఆపరేషన్ వద్దనండి అని మీకు చెప్పను. ఆ ఒక్క అంకెను పట్టుకుని మాత్రం అటో ఇటో తేల్చుకోకండి.

స్కానింగ్‌లో చెప్పేది తూకం కాదు. బిడ్డ తల, పొట్ట చుట్టుకొలతలు, తొడ ఎముక పొడవు కొలిచి లెక్కకట్టిన అంచనా. అందులో 10–15 శాతం తేడా రావడం మామూలే. అంటే మీ 3.7 కిలోలు నిజానికి 3.2 కావచ్చు, 4.2 కూడా కావచ్చు. పెద్ద బిడ్డల విషయంలో ఈ అంచనా మరింత తప్పుతుంది. నా చివరి స్కానింగ్‌లో 4.2 అన్నారు, పుట్టాక తూస్తే 3.9.

మీ ప్రశ్నలో షుగర్ మాటే లేదు. అన్నిటికంటే ముందు తేలవలసింది అదే. 24–28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలకు రక్తం తీసే పరీక్ష మీకు చేశారా? అందులో 140 లేదా అంతకు మించి వస్తే గర్భంలో షుగర్ ఉన్నట్టు. తల్లి రక్తంలోని చక్కెర మాయ గుండా బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. దాంతో బిడ్డ తానే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది, కొవ్వు భుజాల దగ్గర, పొట్ట దగ్గర పేరుకుంటుంది. అందుకే ఒకే బరువున్న ఇద్దరు బిడ్డల్లో షుగర్ ఉన్న తల్లి బిడ్డకు కాన్పులో భుజం ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ.

నాకు జరిగింది అదే. తల వచ్చింది, భుజం ఆగిపోయింది. డాక్టర్ నన్ను ముక్కవద్దన్నారు. ఇద్దరు నర్సులు చెరో కాలు పట్టి మోకాళ్లను పొట్ట మీదికి వంచారు, మరొకరు పొత్తికడుపు కింద గట్టిగా నొక్కారు. బిడ్డ క్షేమంగా బయటపడింది. నాకు కుట్లు ఎక్కువే పడ్డాయి. ఆ గదిలో ఏం చేయాలో తెలిసిన మనుషులు ఉన్నారు కాబట్టి అలా ముగిసింది. కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మాలోనూ ఆనవాయితీయే. కానీ మా అమ్మ ఊరికి దగ్గరున్న చిన్న నర్సింగ్ హోమ్‌లో మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం ఏవీ రాత్రిపూట దొరకవు. అందుకని అమ్మే హనుమకొండ వచ్చి నా దగ్గర ఉంది. మీరూ పుట్టింటికి వెళ్లే ఆలోచనలో ఉంటే ముందు ఇది కనుక్కోండి.

అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం సూచనల ప్రకారం షుగర్ లేనివారికి అంచనా బరువు 5 కిలోలు, ఉన్నవారికి 4.5 కిలోలు దాటినప్పుడే ముందస్తు ఆపరేషన్ గురించి ఆలోచించాలి. మన ఆడవాళ్లు సగటున పొట్టివాళ్లు కాబట్టి మన డాక్టర్లు ఇంకాస్త ముందే జాగ్రత్తపడితే తప్పుపట్టలేం. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 80 శాతం పైమాటే. అందువల్ల కారణం అడగడానికి మొహమాటపడకండి. బరువు ఒక్కటే కారణమా, లేక షుగర్, బీపీ, బిడ్డ తిరిగి ఉన్న తీరు, పాత ఆపరేషన్ వంటివి ఉన్నాయా? 39 వారాల దాకా ఆగితే నష్టం ఏమిటి? 38వ వారంలో తీస్తే కొందరు బిడ్డలకు ఊపిరి ఇబ్బంది వస్తుంది, ఊరికే తొందరపడే విషయం కాదు. సరైన కారణం చెబితే ఆపరేషన్‌కు ఒప్పుకోండి, మీ అత్తగారిని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఆ మాట వినిపించండి.

బిడ్డ బరువు తగ్గాలని ఇప్పుడు పస్తులు మాత్రం ఉండకండి. ఒకవేళ షుగర్ ఉంటే అన్నం ఎంత, ఇన్సులిన్ కావాలా అన్నది డాక్టరే చెప్పాలి.

ఇంకొకటి. నా బిడ్డను చూసి "బొద్దుగా ఉంది, పాలకు తొందరేముంది" అన్నారు చుట్టాలు. అది ప్రమాదకరమైన మాట. షుగర్ తల్లుల బిడ్డలకు పుట్టగానే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. మొదటి గంటలోనే పాలు పట్టించాలి, మడమ దగ్గర సూదితో గుచ్చి చక్కెర చూడాలి. నా బిడ్డకు తగ్గింది, వెంటనే పట్టుకున్నారు కాబట్టి పాలతోనే సర్దుకుంది.

బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా తేదీ కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. మీ షుగర్ పరీక్ష ఫలితం, ఇది ఎన్నో కాన్పు అన్నది రాస్తే నాకు తెలిసినంతలో మళ్లీ చెబుతాను.