బ్రేక్ వేయడం తేలికే, వేయకుండా ఉండటమే కష్టం

ప్రశ్న: నా కారులో ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఉంది. మొన్న ఒక ఇనుప వంతెన కిందికి వెళ్తుంటే ముందు ఏమీ లేకపోయినా దానంతటదే గట్టిగా బ్రేక్ పడింది. వెనకాల కారువాడు గుద్దేసేవాడే. వీటిని టెస్ట్ చేయకుండానే అమ్మేస్తారా?

జవాబు: చేస్తారండీ. నిజానికి ఇంజనీర్లు ఎక్కువగా తలలు పట్టుకునేది మీకు జరిగినలాంటి దాని దగ్గరే. ఎదురుగా కారు ఆగి ఉంటే బ్రేక్ పడేలా చేయడం ఎప్పుడో సాధించేశారు, పడకూడని చోట పడకుండా చూడటమే అసలు తలనొప్పి. ముందు భాగంలో ఉండే రాడార్ 77 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగాలు పంపి, అవి తిరిగొచ్చిన తీరును బట్టి దూరం, వేగం చక్కగా చెప్పేస్తుంది, కానీ ఆ వస్తువు రోడ్డు మీద ఉందా, తల మీద ఉందా అన్నది పాత తరం రాడార్లకు సరిగా తెలియదు. పైన వంతెన, రోడ్డు మీద పరిచిన ఇనుప ప్లేటు, ఆగిపోయిన లారీ, మూడూ దానికి కదలని లోహమే. కదలనివాటన్నిటికీ బ్రేక్ వేస్తూ పోతే కారు ముందుకు సాగదు, అన్నిటినీ వదిలేస్తే లారీ కిందికి పోతుంది. అందుకే చాలా కార్లలో కెమెరాను కూడా అడిగి, రెండూ ఔనంటేనే గట్టిగా బ్రేక్ వేయిస్తారు. ఆ కెమెరాకేమో ఎదురెండ పడదు!

ఏ పార్టూ చెడిపోకుండానే సిస్టమ్ ఇలా పొరబడే సందర్భాల కోసం ఐఎస్ఓ 21448 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. టెస్ట్ కార్లు రోడ్ల మీద రికార్డ్ చేసుకొచ్చిన డేటాను ల్యాబ్‌లో కొత్త సాఫ్ట్‌వేర్‌కి మళ్లీ మళ్లీ చూపిస్తారు, బ్రేక్ ఊరికే పడిన ప్రతిచోటా ఆపి ఎందుకు పడిందో తవ్వుతారు. రోడ్డు మీద తిరిగితేనే సరిపోదా అంటారేమో. డ్రైవర్ లేని కారు మనుషులంత భద్రంగా నడుస్తుందని మరణాల లెక్కన నమ్మకంగా చెప్పాలంటే, ఒక్క ప్రాణం కూడా పోకుండా దాదాపు 44 కోట్ల కిలోమీటర్లు నడపాలని అమెరికాలోని ర్యాండ్ సంస్థ 2016లో లెక్కగట్టింది. మీ కారు సమస్య అంత పెద్దది కాకపోయినా చిక్కు అలాంటిదే, అందుకే సిమ్యులేషన్, అంటే కంప్యూటర్‌లోనే నడిపి చూడటం, తప్పదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, చోటు, టైమ్, ఎండా వానా అన్నీ రాసిపెట్టుకుని సర్వీస్‌వాళ్లకి ఇవ్వడం. 'అప్పుడప్పుడూ బ్రేక్ పడుతోంది' అంటే వాళ్లేమీ చేయలేరు. టెన్షన్ పడి ఆ ఫీచర్‌ని ఆఫ్ చేసి మాత్రం కూర్చోకండి.

ప్రశ్న: మనిషి అడ్డొస్తే కారు ఆగుతుందా లేదా అని ఎలా చూస్తారు? నిజం మనుషుల్ని నిలబెడతారా?

జవాబు: అయ్యో, లేదు. నడుస్తున్నట్టు కాళ్లు ఆడించే బొమ్మను తాడుతోనో, నేలకంటుకుని కదిలే పల్చటి బల్ల మీదో లాగుతారు. రాడార్‌కి కూడా మనిషిలా కనిపించేలా దాని పైపొరను తయారుచేస్తారు. కారు బొమ్మయితే స్పాంజి పలకలతో కట్టినది, గుద్దితే విడిపోతుంది, మళ్లీ అతికించుకుంటారు. కార్ల భద్రతకు స్టార్ రేటింగ్ ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2016 నుంచి పాదచారుల పరీక్షకు మార్కులు ఇస్తోంది. అందులో నన్ను భయపెట్టేది, ఆగి ఉన్న కార్ల చాటు నుంచి పిల్లాడి బొమ్మ ఒక్కసారిగా బయటికి రావడం. సిస్టమ్‌కి చూడటానికి దొరికే సమయం మరీ తక్కువ.

ప్రశ్న: ముందు అద్దం మారిస్తే కెమెరా కాలిబ్రేషన్ అని అదనంగా డబ్బు అడుగుతున్నారు. అవసరమేనా?

జవాబు: అవసరమే. కాలిబ్రేషన్ అంటే అద్దం వెనక ఉండే కెమెరా సరిగ్గా ఎటు చూస్తోందో మళ్లీ సరిచేయడం. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 60 మీటర్ల దూరంలో మీటరు తేడా వస్తుంది, అంటే పక్క లేన్‌లో బండి మీ లేన్‌లో ఉందనుకోవచ్చు. చేసినట్టు రిపోర్టు అడిగి తీసుకోండి.