68 ఏళ్లకు మొదలుపెట్టినా ఆలస్యం కాదండీ

మీ నాన్నగారికి 68 ఏళ్లు, వ్యాయామం ఎప్పుడూ అలవాటు లేదు, ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తోంది, "ఈ వయసులో ఇంకేం చేస్తాను" అంటున్నారని రాశారు. దయచేసి ఆయన్ని ఆ మాట దగ్గర వదిలేయకండి. మొదట్నుంచీ చేసినవాళ్లకు మేలు ఎక్కువన్నది నిజమే. కానీ 1990లో అమెరికాలో 90 ఏళ్ల వయసు వృద్ధులతో 8 వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయిస్తే, కండ బలం సగటున రెట్టింపు కన్నా ఎక్కువే పెరిగింది.

ఆ కుర్చీతోనే మొదలుపెట్టించండి. గట్టి కుర్చీని గోడకు ఆనించండి. పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ల మీదకి వచ్చేంత ముందుకు వంగి లేవమనండి. కూర్చునేటప్పుడే అసలు పని: ధబీమని కూలబడకుండా, నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. కష్టమైతే కూర్చునే చోట దిండు వేసి ఎత్తు పెంచండి. పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు చాలు.

నడక మంచిదే, అదొక్కటే సరిపోదు. 65 దాటినవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు, కండ బలానికి 2 రోజులు, తూలకుండా నిలబడే సాధనకు 3 రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఛాతీలో నొప్పి, ఆయాసం, లేవగానే కళ్లు తిరగడం ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. మొదటి వారాలు మీరూ ఆయన పక్కన చేయండి, ఒంటరిగా అయితే మానేస్తారు. మోకాళ్ల నొప్పులుంటే రాయండి, దానికి తగ్గట్టు మార్చి చెప్తాను.